“అర్థమైందా?” అని అడగడం మానేసి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బెంగళూరు మారతహళ్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల కిందట ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం అడిగే భాష) ఫ్యాకల్టీగా చేరారు. పొద్దున నలభై మందితో క్లాస్‌రూమ్ బ్యాచ్, రాత్రి ఎనిమిదింటికి ఆన్‌లైన్ బ్యాచ్. క్లాసులో అందరూ తలలూపుతారు, ఆన్‌లైన్‌లో కెమెరాలన్నీ ఆఫ్. “అర్థమైందా?” అంటే “అర్థమైంది సార్” అంటారు. శనివారం టెస్టు పెడితే సగం పేపర్లు ఖాళీ. “నేను సరిగ్గా చెప్పడం లేదా, వాళ్లు చదవడం లేదా?” అని అడిగారు.

రెండూ కాకపోవచ్చు. నేను హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్లయింది. మొదట ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, తర్వాత ఇన్‌స్టిట్యూట్లలో, 2020 నుంచి ఆన్‌లైన్‌లో కూడా డేటాబేస్ పాఠాలు చెబుతున్నాను. చిక్కంతా ఆ “అర్థమైంది సార్” దగ్గరే ఉందని నా నమ్మకం. ఆ మాటను నేను కూడా చాలా ఏళ్లు నమ్మాను.

ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన కొత్తలో జాయిన్ల మీద, అంటే రెండు టేబుళ్లను కలపడం మీద, రెండు రోజులు పాఠం చెప్పాను. బోర్డు నిండా బొమ్మలు, రంగు చాక్‌పీసులు, ఎవరూ చూపు తిప్పలేదు. మదనపల్లె నుంచి వచ్చిన ఒక అబ్బాయి ముందు బెంచీలోనే కూర్చునేవాడు, నోట్సు ముత్యాల్లా రాసేవాడు. నెల తర్వాత మొదటి ఇంటర్వ్యూకి వెళ్లి వచ్చి నా దగ్గర నిలబడ్డాడు. “మేడమ్, మీరు చెప్తుంటే అంతా అర్థమైంది. వాళ్లు అడిగితే ఒక్కటీ రాలేదు” అన్నాడు. ఆ పిల్లాడు అబద్ధం చెప్పలేదు. నేను చెబుతున్నప్పుడు వాడికి నిజంగానే అర్థమైనట్టు ఉంది. వినేటప్పుడు తేలిగ్గా సాగిపోతే, మనకూ వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఎదురుగా వంట చూస్తే వంట వచ్చేసినట్టు ఉంటుంది కదా, అలా. “అర్థమైందా?” అని అడిగితే పిల్లలు ఆ అనిపించడం గురించే జవాబిస్తారు. పైగా నలభై మందిలో “కాలేదు” అని చెయ్యెత్తడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. కోలారు నుంచి వచ్చినవాళ్ల కోసం “అర్థ ఆయ్తా?” అని కన్నడంలో అడిగినా అంతే, “ఆయ్తు మేడమ్” అంటారు.

మన వైపు కూడా ఒక పొరపాటు ఉంది. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, బాగా తెలిసిన పాట ఒకటి మనసులో పాడుకుంటూ, బల్ల మీద వేళ్లతో దరువు మాత్రం వేయండి. ఏ పాటో చెప్పమనండి. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఇదే చేయించారు. 120 పాటలకు దరువు వేస్తే విన్నవాళ్లు పోల్చుకున్నవి 3. దరువు వేసినవాళ్లు మాత్రం సగం పాటలైనా తెలుస్తాయని అంచనా వేశారు. ఎందుకంటే వాళ్ల చెవుల్లో పాటంతా మోగుతూ ఉంది, ఎదుటివాళ్లకి టకటక చప్పుడే వినిపించింది. మనం లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్ వరుసలన్నీ ఉంచి, కుడి టేబుల్‌లో జత లేనిచోట ఖాళీ పెట్టే జాయిన్) చెప్పేటప్పుడు మన తలలో పాటంతా ఉంటుంది. వరుసను గుర్తుపట్టే కీ అంటే ఏంటో, నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) ఎందుకు వస్తుందో, ఒక వరుస మూడుసార్లు ఎందుకు తిరిగి వస్తుందో అన్నీ. పిల్లలకి దరువే అందుతుంది. ఇంకా గట్టిగా, ఇంకా నెమ్మదిగా దరువు వేస్తే పాట తెలియదు. వాళ్లకి ఏం వినిపిస్తోందో మనం కనుక్కోవాలి. నా దృష్టిలో క్లాసులో మన అసలు పని అదే. బాగా చెప్పడం దాని తర్వాత.

ఎలా కనుక్కోవాలి? తప్పు జవాబు కూడా మనకు ఏదో ఒకటి చెప్పేలా ప్రశ్న తయారు చేసుకోవాలి. నేను వాడేది ఒకటి మీకు ఇస్తాను. కస్టమర్ల టేబుల్‌లో ఐదుగురు ఉన్నారు. ఆర్డర్ల టేబుల్‌లో నాలుగు ఆర్డర్లున్నాయి. ఒకే కస్టమర్ మూడు ఇచ్చాడు, ఇంకొకామె ఒకటి ఇచ్చింది, మిగతా ముగ్గురూ ఏమీ ఇవ్వలేదు. కస్టమర్లను ఎడమ వైపు పెట్టి లెఫ్ట్ జాయిన్ చేస్తే ఎన్ని వరుసలు వస్తాయి? ఒకటో ఆప్షన్ 4, రెండోది 5, మూడోది 7, నాలుగోది 20. సరైనది 7, అంటే నాలుగు ఆర్డర్ల వరుసలు, ఆర్డర్ లేని ముగ్గురికి మూడు వరుసలు. అయితే నాకు ఎక్కువ ఉపయోగపడేవి తక్కిన మూడు. 4 అన్న పిల్లవాడు రెండు వైపులా జత ఉన్న వరుసలే ఇచ్చే ఇన్నర్ జాయిన్ దగ్గరే ఉన్నాడు. 20 అన్నవాడు ప్రతి వరుసను ప్రతి వరుసతో కలిపేస్తున్నాడు. 5 అన్నవాళ్లు “ఎడమ టేబుల్‌లో ఉన్నవన్నీ వస్తాయి” అనే వాక్యం కంఠస్థం చేశారు, దాని అర్థం వాళ్లకి అందలేదు. ప్రతి బ్యాచ్‌లో ఎక్కువ మంది 5 దగ్గరే ఆగుతారు. ఆ వాక్యం వాళ్లకి నేర్పింది మనమే.

జవాబు అందరూ ఒకేసారి చూపించాలి. నోటితో చెప్పించకండి, ముందు బెంచీ గొంతు వినగానే వెనక బెంచీ ఆలోచన ఆపేస్తుంది. ఆప్షన్ నంబరును వేళ్లతో, గుండెకు ఆనించి చూపించమంటాను. పక్కవాళ్లకి కనబడదు, నాకు కనబడుతుంది. నలభై చేతులు ఒక్క చూపులో చదవొచ్చు. దీనికి యాప్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

ప్రశ్న వేశాక ఆగండి. ఇది మాటలో తేలిక, చేతలో చాలా కష్టం. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో వందల తరగతుల రికార్డింగులు విని చూశారు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగి, వెంటనే తామే మాట్లాడేస్తున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. మన పిల్లలకి ఇంకొంచెం ఎక్కువ కావాలి. చాలామంది ప్రశ్నను ఇంగ్లిష్‌లో విని, తెలుగులో ఆలోచించి, జవాబును మళ్లీ ఇంగ్లిష్‌లో పేర్చుకుంటారు. నేను ప్రశ్న వేశాక వాటర్ బాటిల్ మూత తీసి, రెండు గుక్కలు తాగి, మూత బిగించి కింద పెడతాను. ఎనిమిది, పది సెకన్లు అవుతుంది. మొదటి వారం ఆ నిశ్శబ్దం మీకే టెన్షన్‌గా ఉంటుంది. ఆ సమయంలోనే పిల్లలు పని చేస్తుంటారు. దయచేసి దాన్ని మాటలతో నింపకండి.

చేతులు చూశాక ఏం చేయాలన్నది అవి ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి. దాదాపు అందరూ 7 అంటే ఒక నిమిషంలో కారణం చెప్పి ముందుకు వెళ్లిపోండి. దాదాపు ఎవరూ అనకపోతే పాఠాన్ని వేరే దారిలో మళ్లీ చెప్పాలి. సగం సగంగా ఉంటే, అదే మంచి అవకాశం, జవాబు చెప్పకండి. “పక్కవాళ్లతో మాట్లాడండి, మీ అంకె ఎలా వచ్చిందో ఒప్పించండి” అని రెండు నిమిషాలిచ్చి మళ్లీ వేళ్లు ఎత్తించండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఈ పద్ధతిలో తరగతులు నడిపారు. ఇప్పుడే అర్థం చేసుకున్న పిల్లవాడికి తాను ఎక్కడ తడబడ్డాడో ఇంకా గుర్తుంటుంది, మనకి అది మరుపున పడి ఏళ్లయింది. అందుకే పక్క పిల్లవాడి మాట ఎక్కుతుంది. నా క్లాసులో ఆ రెండు నిమిషాలూ తెలుగు, కన్నడం, తమిళం అన్నీ వినబడతాయి. బయటి నుంచి చూసేవాళ్లకి గోలలా ఉంటుంది. ఒకసారి మేనేజర్ తలుపు తీసి చూశారు. లోపలికి రమ్మని, రెండో ఓటు అయ్యేదాకా ఉండమన్నాను.

తప్పు జవాబు వచ్చినప్పుడు మన ముఖం ఎలా ఉంటుందన్నదాన్ని మన పిల్లలు చాలా పట్టించుకుంటారు. అనంతపురం, కడప, కర్నూలు వైపు చిన్న కాలేజీల్లో చదివి, ఇంట్లో అప్పు చేసి ఫీజు కట్టి వచ్చినవాళ్లు మన ఎదుట కూర్చుంటారు. కాలేజీలో తప్పు చెబితే నిలబెట్టిన అనుభవం చాలామందికి ఉంది. “తప్పు, కూర్చో” అన్న ఒక్క మాటతో ఆ పిల్ల కోర్సు అయిపోయేదాకా నోరు తెరవదు. నేను “ఎలా వచ్చింది, చెప్పమ్మా” అంటాను. సరైన జవాబుకూ అదే మాట, అదే గొంతు. తప్పుకు మాత్రమే కారణం అడిగితే, కారణం అడగడమే తప్పుకు గుర్తయిపోతుంది. ఇది అలవాటు కావడానికి నాకు సంవత్సరం పట్టింది.

ఇక మీ శనివారం టెస్టు. వారమంతా పోసి, శనివారం కొలుస్తున్నారు. మధ్యలో ఎంత కారిపోతుందో ఆలోచించారా? హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగం చేసుకుని, నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లో, మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పోతుందని చూపించారు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు ఒక పాఠాన్ని కొందరి చేత మళ్లీ చదివించారు, కొందరి చేత పుస్తకం మూసి గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్లు ముందున్నారు. మన పిల్లలకి చదవడమంటే నోట్సు తిరగేయడం, పసుపు పెన్నుతో గీతలు గీయడం. అప్పటికప్పుడు వచ్చినట్టే ఉంటుంది కాబట్టి మోసపోతారు.

అందుకని రోజూ క్లాసు మొదటి ఐదు నిమిషాలు నోట్సులు మూయించి మూడు ప్రశ్నలు బోర్డు మీద రాస్తాను. ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి నెల కిందటిది. మార్కులు లేవు, పేపర్లు తీసుకోను. రాశాక జవాబులు చెబుతాను, వాళ్లే దిద్దుకుంటారు. మార్కులు పెడితే చూచిరాత మొదలవుతుంది, పెట్టకండి. ఆలస్యంగా వచ్చేవాళ్లకి కూడా ఇది మంచిదే. సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు ఇరుక్కుందని పది నిమిషాలు లేటుగా వచ్చిన పిల్లవాడు కొత్త పాఠం మొదటి వాక్యాలు పోగొట్టుకోడు.

క్లాసు చివర చిన్న చీటీ ఒకటి తీసుకోండి. “ఏం అర్థం కాలేదో రాయండి” అంటే “ఆల్ గుడ్” అని రాస్తారు. బదులుగా ఒక చిన్న క్వెరీ (ఎస్‌క్యూఎల్‌లో డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఇచ్చి రాయమనండి, పేరు వద్దనండి. ఇంటికెళ్లే దారిలో ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సు కదలదు కదా, ఆ సమయంలో చీటీలు మూడు కట్టలు చేస్తాను: వచ్చినవి, దారిలో ఉన్నవి, దారి తప్పినవి. మర్నాడు మొదటి పదిహేను నిమిషాలు ఎలా వాడాలో మూడో కట్టే చెబుతుంది. మీ పాఠం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఫీడ్‌బ్యాక్ ఫారం కన్నా ఇదే నమ్మదగ్గది.

ఆన్‌లైన్ బ్యాచ్ విషయంలో ముందు కెమెరాల సంగతి. బలవంతం చేయకండి. రాత్రి ఎనిమిదింటికి మీ పిల్లలు ఎక్కడున్నారో ఊహించుకోండి. పీజీలో త్రీ షేరింగ్ గది, మంచం మీద ఫోను, వెనక రూమ్మేటు బట్టలు ఆరేస్తూ ఉంటాడు. కొంతమంది ఆఫీసు క్యాబ్‌లో ఉంటారు. ముఖం చూపించడానికి సిగ్గుపడే పరిస్థితిని క్రమశిక్షణ పేరుతో బయటపెట్టించడం న్యాయం కాదు. కెమెరా ఆన్‌లో ఉన్నంత మాత్రాన ఆలోచిస్తున్నట్టు కూడా కాదు.

మనకు కావాల్సింది వాళ్ల ఆలోచన. దానికి చాట్ చాలు. ప్రశ్న వేసి, “జవాబు టైప్ చేయండి, కానీ నేను చెప్పేదాకా ఎంటర్ నొక్కొద్దు” అనండి. నలభై సెకన్లు ఆగండి. “ఇప్పుడు నొక్కండి” అనగానే జవాబులన్నీ ఒక్కసారి జలపాతంలా పడతాయి. ఎవరినీ చూసి ఎవరూ రాయలేదు కాబట్టి ఆ జవాబులు నిజమైనవి. మాట్లాడించాలనుకుంటే హఠాత్తుగా పేరు పిలవకండి. “ఇంకో రెండు నిమిషాల్లో మిమ్మల్ని అడుగుతాను, సిద్ధంగా ఉండండి” అని ముందు చెప్పండి. మైకు సరిచేసుకోవడానికి, వాక్యం పేర్చుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

స్క్రీన్ షేర్ చేసి క్వెరీ రాసేటప్పుడు రన్ నొక్కే ముందు చెయ్యి తీసేయండి. ఆన్‌లైన్ పాఠాల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే. “ఏం వస్తుంది?” అని చాట్‌లో రాయించాకే రన్ నొక్కాలి. ఉదాహరణకి అదే లెఫ్ట్ జాయిన్‌కి కింద వేర్ (వచ్చిన వరుసలను వడపోసే షరతు) రాసి, ఆర్డర్ విలువ 500 కన్నా ఎక్కువ అని పెట్టండి. ఆర్డర్ లేని ముగ్గురూ ఇంకా వస్తారని చాలామంది రాస్తారు. రన్ నొక్కితే ముగ్గురూ మాయం. అక్కడ ఒక్క క్షణం క్లాసంతా ఉలిక్కిపడుతుంది. వాళ్ల దగ్గర విలువ స్థానంలో నల్ ఉంది, నల్‌ని 500తో పోలిస్తే నిజం అని జవాబు రాదు, అందుకే వేర్ వాళ్లను వదిలేసింది అని అప్పుడు చెప్పండి. ఆ కండిషన్‌ను టేబుళ్లను కలిపే షరతు ఉండే ఆన్ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ రన్ చేయండి, ముగ్గురూ తిరిగొస్తారు. ముందే ఊహించి దెబ్బ తిన్నవాళ్లు దీన్ని మరచిపోరు. ఉత్తినే చూసినవాళ్లు రేపటికి మరచిపోతారు.

మీరు రికార్డింగులు పెడుతున్నారన్నారు. రెండు గంటల రికార్డింగు అలాగే పడేస్తే చూసేవాళ్లు చాలా తక్కువ. 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను పరిశీలిస్తే, వీడియో ఎంత పొడవున్నా చూపు నిలిచింది ఆరు నిమిషాల లోపే. ఖరీదైన స్టూడియోలో తీసినవాటికంటే టీచరు చేత్తో గీస్తూ, మామూలుగా మాట్లాడుతూ చెప్పినవాటికే జనం ఎక్కువసేపు అతుక్కున్నారు. కాబట్టి మంచి కెమెరా కొనే డబ్బుతో చిన్న రైటింగ్ ప్యాడ్, వైరున్న మైకు కొనండి. బొమ్మ మసకగా ఉన్నా భరిస్తారు, గొంతు గరగరమంటే వదిలేస్తారు. అక్షరాలు మీ ల్యాప్‌టాప్‌లో అసహ్యంగా పెద్దవిగా కనిపించేంత పెంచండి. మీ క్లాసులో సగం మంది ఫోనులోనే చూస్తుంటారు.

భాష గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, కానీ అందులో బాధ కనబడింది. తెలుగులో చెబితే ఇద్దరు కన్నడ పిల్లలు మిగిలిపోతున్నారు, ఇంగ్లిష్‌లో చెబితే తెలుగు మీడియం పిల్లలు మిగిలిపోతున్నారు. నేను పాఠం సులువైన ఇంగ్లిష్‌లో, చిన్న చిన్న వాక్యాల్లో చెబుతాను. బొమ్మ వేస్తాను. పక్కవాళ్లతో మాట్లాడే రెండు నిమిషాల్లో ఏ భాషైనా సరే అంటాను. కన్నడ పిల్లలిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెడతాను. చివర్లో జవాబు మాత్రం రెండు వాక్యాల్లో ఇంగ్లిష్‌లో నోటితో చెప్పిస్తాను, ఇంటర్వ్యూలో అదే కావాలి కాబట్టి. ఆలోచన సొంత భాషలో తేలాకే ఇంగ్లిష్ వాక్యం నిలబడుతుంది. ముందే ఇంగ్లిష్ కావాలంటే, ఆ మదనపల్లె అబ్బాయిలా కంఠస్థమైన వాక్యాలే మిగులుతాయి.

“ఇవన్నీ చేస్తే సిలబస్ ఎప్పుడు అవుతుంది?” అని మీరు తప్పకుండా అడుగుతారు. నిజమే, తక్కువ పాఠాలే అవుతాయి. నేను నా కోర్సులో స్లైడ్లు చదవడం పూర్తిగా మానేశాను, ఇన్‌స్టలేషన్‌ను రాసిచ్చి ఇంట్లో చేసుకు రమ్మంటాను, డేటాబేస్ చరిత్ర గంట తీసేశాను. జాయిన్లు, గ్రూప్ బై, సబ్‌క్వెరీలు, నల్, ఇండెక్సులు ఈ ఐదింటికీ రెట్టింపు సమయం ఇచ్చాను. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. రెండు బ్యాచ్‌ల మాక్ ఇంటర్వ్యూల జవాబులు పక్కపక్కన పెట్టి చూపించాక ఒప్పుకున్నారు. మీరు కొత్తగా చేరారు కాబట్టి సిలబస్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొదటి ఐదు నిమిషాలూ, గంటకొక వేళ్ల ప్రశ్న. ఒక నెల ఈ రెండే చేయండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే మీరే అలిసిపోతారు. అలాగే రోజుకు నాలుగు గంటలు గట్టిగా మాట్లాడుతున్నారు, కాలర్ మైకు అడగండి. గొంతు పాడైన టీచర్లను నేను చాలామందిని చూశాను.

సోమవారం జాయిన్లు మొదలుపెడుతున్నానని రాశారు కదా. ఆ ఐదుగురు కస్టమర్లు, నాలుగు ఆర్డర్ల ప్రశ్న అలాగే తీసుకెళ్లండి. పాఠం చెప్పాక అడగండి, “అర్థమైందా” అనకండి, నీళ్లు తాగండి, వేళ్లు లెక్కపెట్టండి. నలభై మందిలో ఎంతమంది 5 అన్నారో, పక్కవాళ్లతో మాట్లాడాక ఎంతమంది మారారో రెండు అంకెలూ నాకు రాయండి. మంగళవారం ఏం చెప్పాలో అవి చూసి కలిసి ఆలోచిద్దాం.